స్టవ్ రెండుసార్లు వెలిగేది

అత్తయ్య గ్లాసు ఆ రోజు కూడా సగం నిండుగానే తిరిగి వచ్చింది.

ఆమె ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది. మంచం పక్కనున్న స్టూలు మీద గ్లాసు పెట్టి, దాని మీద మూత పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ మూతే నన్ను భయపెట్టింది. సొంత ఇంట్లో ఉన్న మనిషి టీ నచ్చకపోతే పారబోస్తుంది, లేదా "ఇదేం టీ" అంటుంది. మూత పెట్టి మర్యాదగా పక్కన ఉంచేది చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళే.

మిగిలిన టీని తొట్టిలో ఒంపుతూ దాని రంగు చూశాను. రంగులో తప్పేమీ కనిపించలేదు. వేలికి అంటించుకుని రుచి చూశాను. చేదు. నాలుక చివర కాదు, గొంతు దగ్గర తెలిసే చేదు. మళ్ళీ అదే. బడికి వేళవుతోంది. గ్లాసు కడిగి బోర్లించి, అత్తయ్య గది గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడి, ఆమె నిద్రపోతున్నట్టే ఉంటే నేనూ చప్పుడు చేయకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాను.

మా ఇంట్లో పొద్దున టీ పెట్టేది నేను కాదు. మా ఆయన.

ఆయన లిఫ్టుల మెకానిక్. పెళ్ళయిన కొత్తలోనే పొద్దుటి టీ ఆయన చేతికి వెళ్ళిపోయింది. నేను బడికి ముందుగా బయల్దేరాలి కాబట్టి నేను స్నానానికి వెళ్ళిన వేళలో ఆయన వంటింట్లోకి వెళ్ళేవారు. నేను తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని వచ్చేసరికి బల్ల మీద నా గ్లాసు ఉండేది. అత్తయ్య అప్పటికే వంటింటి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, తన గ్లాసు ఊదుకుంటూ కొడుకుని తిడుతూ ఉండేది. చుట్టాలకి ఇదొక వేడుక. "పంతులమ్మకి పొద్దున్నే మొగుడు టీ అందించాలట" అని మా తోటికోడలు పదిమందిలో అంటే, ఆయనే నవ్వి, "అందరినీ పైకీ కిందకీ తిప్పే ఉద్యోగం వదినా, ఇంట్లో ఒక్క గ్లాసు తిప్పలేనా?" అనేవారు.

టీ అయిపోగానే అత్తయ్య గ్లాసుని కిటికీ గట్టు మీద బోర్లించేది. చుక్క కూడా మిగల్చలేదని కొడుక్కి చూపించడానికి. "చూసుకో. సాక్ష్యం కావాలిగా నీకు" అనేది. ఏళ్ళ తరబడి బోర్లించి బోర్లించి గట్టు మీద గుండ్రంగా గోధుమరంగు మచ్చ పడింది. అది నేనెంత రుద్దినా పోలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున ఆయన పనికి వెళ్ళారు. మధ్యాహ్నం భోజనం డబ్బా విప్పుకుని కూర్చున్న చోటే గుండె ఆగిపోయింది. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

మాకు పిల్లలు లేరు. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక ఇంట్లో అత్తయ్యా నేనూ మిగిలాం. వంటింట్లో స్టవ్ మిగిలింది.

టీ పెట్టడం ఎవరికి రాదు? నాకూ వచ్చనే అనుకున్నాను. నీళ్ళు, పొడి, పాలు, పంచదార. పిల్లలకి నీరు ఆవిరయ్యే సంగతి బొమ్మ గీసి చెప్పేదాన్ని. కానీ రెండు గ్లాసుల టీ కుదరలేదు. పొడి ఎక్కువ వేసి చూశాను, తక్కువ వేసి చూశాను. ఆయన కొనే పొడి మార్చి ఖరీదైనది తెచ్చాను, అది మరీ చేదెక్కింది. మళ్ళీ పాతదే తెచ్చాను. అల్లం దంచి వేశాను. గిన్నె మార్చాను. పొంగుతుందేమోనని స్టవ్ ముందునుంచి కదలకుండా, కళ్ళు తిప్పకుండా నిలబడ్డాను. బాగా మరిగితే బాగుంటుందని మరిగించాను. మరిగించిన కొద్దీ మరింత చెడింది.

అత్తయ్యని మాత్రం లేపేదాన్ని కాదు. రాత్రుళ్ళు ఆమె సరిగ్గా నిద్రపోవడం లేదని నాకు తెలుసు. పక్కగదిలోంచి మంచం కిర్రుమనడం వినపడేది. పొద్దునైనా పడుకోనీ అని అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళి స్టూలు మీద గ్లాసు పెట్టి వచ్చేదాన్ని. నేను స్నానం చేసి వచ్చేసరికి ఆ గ్లాసు మూతతో, సగం నిండుగా, అక్కడే ఉండేది.

రోజురోజుకీ ఆమె తిండి తగ్గింది. మాట తగ్గింది. వంటింటి కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉండిపోయింది.

అప్పుడే బావగారు ఫోన్ చేశారు.

"అమ్మ ఏమీ తినడం లేదటగా, అమ్మాయ్. నిన్న మాట్లాడితే గొంతు నీరసంగా ఉంది. మేం ఈ ఆదివారం వస్తాం. పొద్దున బస్సుకే దిగుతాం. అమ్మని మాతో తీసుకెళ్ళిపోతాం. నీకూ కాస్త భారం తగ్గుతుంది."

నేను జవాబు వెతుక్కునేలోపు మా తోటికోడలు ఫోన్ అందుకుంది.

"ఒక్కదానివి ఎంతకని చేస్తావు చెల్లీ? బడి ఒకవైపు, ముసలావిడ ఒకవైపు. ఇక్కడైతే పగలంతా ఇంట్లో మనిషి ఉంటుంది. ఏమంటావు?"

"అత్తయ్య ఇష్టం అక్కయ్యా" అన్నాను.

ఫోన్ పెట్టి అత్తయ్యకి చెప్పాను. ఆమె దుప్పటి అంచు వేళ్ళతో మడుస్తూ విన్నది. "మీ ఇష్టం" అంది.

నేను ఆమె ఇష్టం అన్నాను, ఆమె మా ఇష్టం అంది. ఆ రెండింటి మధ్యా ఎవరి ఇష్టం ఏమిటో ఎవరూ చెప్పలేదు.

నా ఇష్టం నాకు తెలుసు. ఆమె వెళ్ళకూడదు. ఆయన్ని "ఒరేయ్" అని పిలిచిన గొంతు ఈ ఇంట్లో అదొక్కటే. అది కూడా వెళ్ళిపోతే, బడినుంచి వచ్చి తాళం తీసి, చెప్పులు విప్పి, నేను ఎవరితో ఏం మాట్లాడాలి? కానీ ఉండమని ఏ ముఖం పెట్టుకుని అడగాలి? పెద్దకొడుకు ఉన్నాడు, పెద్దకోడలు ఉంది. మధ్యలో మనిషి పోయాక కోడలు అత్తని ఏ దారంతో కట్టి ఉంచుతుంది? పైగా నా చేతి టీ కూడా తాగని మనిషిని.

అందుకని నేను ఒక పిచ్చి లెక్క వేసుకున్నాను. ఆదివారంలోపు ఒక్కరోజైనా ఆమె గ్లాసు ఖాళీ చేస్తే, ఉండమని అడుగుతాను. చేయకపోతే నోరు మూసుకుంటాను. పరీక్ష రోజు పాత పెన్నే కావాలని ఏడ్చే పిల్లల్ని ఎన్నిసార్లో మందలించాను. ఆ వారమంతా నాదీ అదే వాలకం.

తరగతిలో ఒకరోజు హాజరు రెండుసార్లు పిలిచాను. పిల్లలు రెండుసార్లూ పలికారు. ఎవరూ నవ్వలేదు.

గ్లాసు మాత్రం రోజూ సగంలోనే తిరిగి వచ్చేది.

శనివారం బడి ఒంటిపూట. ఇంటికి వచ్చి కూర్చున్నానో లేదో బెల్ మోగింది. ఆయనతో జోడీగా పనిచేసిన మెకానిక్. అతన్ని అందరూ పానా అంటారు. జేబులో నట్లు బిగించే పానా లేకుండా పెళ్ళికి కూడా వెళ్ళడని ఆ పేరు. మా ఆయన పనిసంచి తెచ్చాడు.

"ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉంచేశాను చెల్లెమ్మా" అన్నాడు, గుమ్మంలోనే నిలబడి. "తేవాలంటే కాళ్ళు రాలేదు."

లోపలికి రమ్మన్నాను. అత్తయ్య గది తలుపు వేసి ఉంది. పానా వంటింటి గుమ్మం పక్కన పీట వాల్చుకుని కూర్చున్నాడు. సంచి ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు ఒళ్ళోనే పెట్టుకున్నాడు. నేను స్టవ్ వెలిగించి టీకి నీళ్ళు పెట్టాను, పొడి వేశాను. మరగడం మొదలైంది. అతని ఒళ్ళోంచి సంచి తీసుకుని, లోపల పెట్టి వద్దామని గదివైపు రెండడుగులు వేశానో లేదో, వెనకనుంచి పీట పడిన చప్పుడు, స్టవ్ మీట తిప్పిన చప్పుడు వినిపించాయి.

చూస్తే మంట ఆరిపోయి ఉంది. పానా స్టవ్ పక్కన నిలబడి తల గోక్కుంటున్నాడు.

"తప్పుగా అనుకోకు చెల్లెమ్మా. నీ స్టవ్ నేను ఆపడమేంటి! చేతికి అలవాటు. మెయిన్ స్విచ్ ఆపకుండా పక్కకి వెళ్ళకూడదు. మా పనిలో మొదట నేర్పేది అదే."

"పరవాలేదు" అన్నాను.

"నేనే ఇలా ఉన్నానంటే, మీ ఆయన సంగతి చెప్పాలా? ఫోన్ మోగితే మెయిన్ ఆపేవాడు. మంచినీళ్ళు తాగాలన్నా మెయిన్ ఆపేవాడు. ఒకసారి తుమ్ము వస్తే కూడా ఆపాడు. 'ఒరేయ్, తుమ్ముకి కూడానా?' అంటే, 'తుమ్మేటప్పుడు కళ్ళు మూసుకుంటాం కదరా' అన్నాడు." పానా నవ్వబోయి, సగంలో ఆపేసి, పడిపోయిన పీటని లేపి నిలబెట్టాడు. "అంత జాగ్రత్తగల మనిషి" అని మాత్రం అన్నాడు.

నేను సంచి లోపల పెట్టి వచ్చాను. స్టవ్ మళ్ళీ వెలిగించడానికి లైటర్ నొక్కాను.

టక్.

ఆ చప్పుడుకి నా చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఇన్నేళ్ళూ స్నానాలగది తలుపు వెనక నేను విన్న పొద్దుటి చప్పుళ్ళన్నీ వరసగా గుర్తొచ్చాయి. ముందు లైటర్ టక్కుమనేది. తర్వాత గిన్నె మీద మూత పడిన చప్పుడు. ఆ తర్వాత ఆయన అడుగులు, అత్తయ్య గది తలుపు, ఆయన అరుపు, ఆమె విసుగు. చాలాసేపు గొడవ. ఆ తర్వాత మళ్ళీ లైటర్ టక్కుమనేది. రోజూ రెండుసార్లు. నేను ఒకసారి అన్నాను కూడా: "ఆ లైటర్ మార్చకూడదూ, పొద్దున రెండేసి సార్లు నొక్కాల్సి వస్తోంది." ఆయన నా వైపు అయోమయంగా చూసి, "బాగానే వెలుగుతోందే" అన్నారు. ఆ మాట అక్కడితో పోయింది.

లైటర్ పాడవలేదు. అమ్మని లేపడానికి వెళ్తూ ఆయన స్టవ్ ఆపేవారు. ఆపి, గిన్నె మీద మూత పెట్టి వెళ్ళేవారు. టీ రుచి కోసం కాదు. మెయిన్ ఆపకుండా పక్కకి వెళ్ళకూడదు కాబట్టి. తల్లీకొడుకుల గొడవ తేలేదాకా ఆ పొడి వేడినీళ్ళలో, మూత కింద, మంట లేకుండా నానేది. తర్వాత పాలు పోసి మళ్ళీ వెలిగించి, ఒక్క పొంగు రానిచ్చి దించేవారు. నేనేమో పక్కకి కదలకుండా, మంట ఆపకుండా, పొడిని ఉడకబెట్టి చంపుతున్నాను.

"ఏంటి చెల్లెమ్మా, గ్యాస్ అయిపోయిందా?" అన్నాడు పానా.

"లేదు అన్నయ్యా" అని వెలిగించాను.

అతనికి ఇచ్చిన టీ మామూలుగానే చేదుగా ఉండి ఉంటుంది. "బాగుంది" అని గబగబా తాగి, చెప్పులు వేసుకుంటూ అత్తయ్య గది వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అత్తయ్య తన బట్టలు సంచిలో సర్దుకుంది. నేను సాయం చేయబోతే, "నాలుగు చీరలకి ఇద్దరు మనుషులా?" అంది. అంత పొడవు మాట ఆమె నోటినుంచి వచ్చి చాలా రోజులైంది. అదీ వెళ్ళిపోయే మాటే. సంచి జిప్పు సగంలో ఇరుక్కుంటే దాన్ని అలాగే వదిలేసి మంచం కింద పెట్టింది.

ఆదివారం పొద్దున నేను లేస్తూనే వంటింట్లోకి వెళ్ళాను. లైటర్ నొక్కాను. నీళ్ళు మరిగాక పొడి వేశాను. ఒకసారి పొంగగానే స్టవ్ ఆపాను. మూత పెట్టాను.

అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఎంతసేపు?

అది నాకు తెలియదు. ఆయనకీ తెలియదు. ఆయన గడియారం చూసుకుని చేసిన పని కాదది. గొడవ ఎంతసేపైతే టీ అంతసేపు. నేను మూత వైపు చూస్తూ వాళ్ళ గొడవని మనసులో మొదటినుంచి చివరిదాకా అనుకుని, ఆ కొలతతో ఆపుదామని చూశాను. రెండు మాటలకే అయిపోయింది. మిగతా మాటలు నాకు గుర్తులేవు. తలుపు వెనక నీళ్ళ చప్పుడులో విన్నవి. ఎప్పుడూ శ్రద్ధగా విననే లేదు. రోజూ వినపడేదాన్ని ఎవరు శ్రద్ధగా వింటారు?

మూత మీద ఆవిరి చుక్కలు కట్టి జారుతున్నాయి. బస్సు ఈపాటికి వచ్చేసి ఉంటుంది. వాళ్ళు ఆటో మాట్లాడుకుంటూ ఉంటారు. ఈ టీ కూడా పాడైతే ఇంక రేపు లేదు.

అత్తయ్యతో నేను ఎప్పుడూ గొడవపడలేదు. చుట్టాల్లో నాకు మంచిపేరు తెచ్చింది అదే. ఆమె ఒకటంటే నేను తలూపేదాన్ని, నేను ఒకటంటే ఆమె సరే అనేది. మా ఇద్దరి వాటా గొడవలూ ఆయనే పడేవారు.

వెళ్ళి ఆమె గది తలుపు తెరిచాను. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మెలకువగానే ఉందని భుజం చెబుతోంది. ఆయన రోజూ అనే మాట ఒకటి నాకు బాగా తెలుసు. లిఫ్టులో యంత్రం మాట్లాడినట్టు, ముక్కుతో అనేవారు. నాకు ముక్కుతో రాదు.

"లిఫ్టు వచ్చింది" అన్నాను. హాజరు పిలిచినట్టే వచ్చింది గొంతు.

అత్తయ్య కదల్లేదు.

"ఎక్కుతారా, ఎక్కరా? తలుపులు మూసుకుంటున్నాయి."

దుప్పటి కింద ఊపిరి ఆగింది. ఎంత పాడుపని చేశాను! కొడుకు మాట తీసుకొచ్చి తల్లి మీద విసిరాను. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను.

"మాట అంటే సరిపోదు" అంది దుప్పటిలోంచి. "వాడు తలుపు లాగేవాడు."

నేను తలుపు పట్టుకుని మెల్లగా లాగాను. కిర్రుమంది. జానెడు సందు వదిలి ఆగాను.

"ఇంకా."

"ఇంకా లాగితే మూసుకుపోతుంది అత్తయ్యా."

"మూసుకుపోనీ. ఎలాగూ పంపించేస్తున్నావుగా."

తలుపు వదిలేశాను. "నేనా? నేను పంపిస్తున్నానా?"

ఆమె ఇటు తిరిగింది. జుట్టు ఒకవైపు రేగి, ఆ వైపు చెంప మీద దిండు ముడత పడి ఉంది. కళ్ళు మాత్రం చాలాసేపటినుంచి సిద్ధంగా ఉన్నాయి.

"మరి నేను పంపించుకుంటున్నానా? మంచం దగ్గరికి టీ తెస్తావు. దొంగలా పెడతావు. దొంగలా పోతావు. ఆస్పత్రిలో ఆయా నయం, ఒక కసురైనా కసురుతుంది. లే అనవు, చావు అనవు. కదిపితే విరిగిపోయే గాజుబొమ్మనా నేను?"

"రాత్రంతా మీకు నిద్ర ఉండటం లేదని..."

"నీకు ఉందా?"

"లేదు."

"మరి నువ్వు లేవడం లేదూ? నీకో న్యాయం, నాకో న్యాయమా?"

"మీరు గ్లాసు సగం వదిలేస్తుంటే నేనేమనుకోవాలి? మూత కూడా పెడుతున్నారు!"

"తాగేలా ఉందా అది? జబ్బు చేసినవాళ్ళకిచ్చే కషాయం అది!"

"ఆ మాట చెప్పచ్చుగా!" నా గొంతు పెరిగింది. తరగతిలో కూడా నేను అంత పెంచను.

"నీకు చెప్పడమా! లోకానికంతా నువ్వు చెప్తావు. పంతులమ్మకి టీ పెట్టడం రాదంటే మొహం చిన్నది చేసుకుంటావు, ఇంకోటి తెచ్చి పెడతావు, అది ఇంకా చేదు. పోనీలే పాపం, మొగుడు పోయి ఉంది అని మింగాను మింగగలిగినంత."

"బావగారు వస్తానంటే మీ ఇష్టం అన్నారు మీరు."

"నువ్వేమన్నావు వాళ్ళతో? అత్తయ్య ఇష్టం అన్నావు. గోడకి చెవులు లేవనుకున్నావా? ఉంచుకుంటాను అన్నావా? ఉండండి అని ఒక్క మాట నాతో అన్నావా?"

"ఏ ముఖంతో అనను? ఆయనే లేనప్పుడు..."

"వాడు పోయాడు" అంది అత్తయ్య. మంచం మీద లేచి కూర్చుంది. "నువ్వు పోలేదు. నేనూ పోలేదు. పోయినవాడి పేరు చెప్పి ఉన్నవాళ్ళని కూడా పంపేస్తావా?"

మాటలు కూర్చి చెప్పడం నా వృత్తి. అయినా చివరికి వచ్చింది చాలా చిన్నది.

"ఉండండి అత్తయ్యా."

"అడిగేటప్పుడు ఏడవకు. ఏడ్చి అడిగితే ఉన్నానని రేపు నువ్వే అంటావు."

బెల్ మోగింది.

టీ! నేను వంటింట్లోకి పరిగెత్తాను. దారిలో గుమ్మం తలుపు తీసి, "రండి బావగారూ, రా అక్కయ్యా, కూర్చోండి" అని అదే పరుగున వెళ్ళాను. వాళ్ళు నా రేగిన జుట్టు, తడికళ్ళు చూసి ఏమనుకున్నారో. మూత తీశాను. నీళ్ళు నల్లగా అయ్యాయి. గొడవ ఎక్కువసేపు జరిగిపోయింది. ఆయన గొడవలు ఇంత పెద్దవి కావు. పాలు అందరికీ సరిపడా పోశాను, ఇంకొంచెం పోశాను, పంచదార వేశాను. లైటర్ నొక్కాను.

టక్.

వెనక అడుగుల చప్పుడు. అత్తయ్య గోడ పట్టుకుని వచ్చి, కిటికీ దగ్గర కుర్చీ మీది మడతబట్టలు పక్కకి నెట్టి కూర్చుంది.

"ఇదీ" అంది, స్టవ్ వైపు చూస్తూ. "ఈ రెండోది వినపడితే లేచేదాన్ని. వాడు తలుపు దగ్గర ఎంత అరిచినా లేచేదాన్ని కాదు. రెండోసారి టక్కుమంటే, ఇంక టీ అయిపోయింది, లేవాలి అని తెలిసేది. ఈమధ్య ఒక్కటే వినపడుతోంది. ఇంకా కాలేదు కాబోలు అని పడుకుని ఉండేదాన్ని. ఇంతలో నువ్వు గ్లాసు పట్టుకుని ప్రత్యక్షం."

ఒక్క పొంగు వచ్చింది. దించాను. వడకట్టేటప్పుడు జాలీ గిన్నెకి తగిలి గలగలమంది.

బావగారు వంటింటి గుమ్మంలోకి వచ్చారు. ఆయన వెనక మా తోటికోడలు. ఇద్దరికీ గ్లాసులు ఇచ్చాను. అత్తయ్యకి ఇచ్చాను. నాది తీసుకోలేదు. ఆమె ముఖం వైపు చూడకూడదనుకుని గ్లాసు వైపే చూశాను.

"అమ్మా, లేచావే! నీరసంగా ఉందన్నావు?" అన్నారు బావగారు.

"తిట్టడానికి లేచాను" అంది అత్తయ్య. గ్లాసు ఊదింది. ఒక గుటక వేసింది. ఆగింది. పెదవులు లోపలికి మడిచి ఆలోచించింది. నా పెద్దపరీక్ష జవాబుపత్రం నా ముందే దిద్దుతున్నట్టు ఉంది.

"రంగు ముదిరింది" అంది.

"గొడవ ఎక్కువైంది" అన్నాను.

"ఏం గొడవ?" అన్నారు బావగారు.

అత్తయ్య రెండో గుటక వేసింది. మా తోటికోడలు సంగతి ఏదో తేడాగా ఉందని పసిగట్టి, "బట్టలు సర్దుకున్నారా అత్తయ్యా? మళ్ళీ బస్సు వేళవుతుంది" అంది.

"సర్దాను. జిప్పు పట్టేసింది. విప్పాలి."

"నేను విప్పి మళ్ళీ సర్దుతాలెండి."

"విప్పితే చాలు. సర్దక్కర్లేదు."

బావగారు తల్లి వైపు, నా వైపు చూశారు. "అదేంటమ్మా? వస్తానన్నావుగా. ఇక్కడ పగలంతా ఒక్కదానివి ఎలా ఉంటావు? అమ్మాయి బడికి వెళ్తే నీకు ఎవరున్నారు?"

"ఒరేయ్ పెద్దోడా" అంది అత్తయ్య. ఆ "ఒరేయ్" విని నేను గట్టు పట్టుకున్నాను. "పొద్దున నన్ను తిట్టి లేపేవాళ్ళు ఒకళ్ళుంటే చాలు. పగలు నేను చూసుకుంటాను. మీ ఇంట్లో అందరూ మర్యాదస్తులు. ఎండలు ముదిరాక వస్తాను."

"అప్పుడు నేనొచ్చి తీసుకెళ్ళనా మరి?"

"నేనే మెట్లెక్కి వస్తాలే, పో."

ఇది మా ఆయనకి రోజూ చెప్పే జవాబు. లిఫ్టు తలుపులు మూసుకుంటున్నాయని ఆయన అంటే, "నేను మెట్లెక్కి వస్తాలే, పో" అనేది. బావగారికి ఆ సంగతి తెలియదు. వాళ్ళు ఉండేది కింది అంతస్తు. మెట్లెక్కడ ఉన్నాయా అని ఆయన కాసేపు ఆలోచించినట్టే కనిపించారు.

మా తోటికోడలు తన గ్లాసులోకి చూసుకుంటూ, "టీ మాత్రం మరిది పెట్టినట్టే ఉంది" అంది. తర్వాత చీర చెంగు భుజం మీదికి లాక్కుని, నాకు వీపు చూపించి కిటికీలోంచి బయటికి చూసింది.

వాళ్ళు మధ్యాహ్నం భోజనాలు చేసి సాయంత్రం బస్సుకి వెళ్ళారు. బావగారు వెళ్ళేముందు జిప్పు తనే లాగి విడిపించారు.

వాళ్ళు వెళ్ళాక వంటింట్లోకి వచ్చాను. అత్తయ్య గ్లాసు కిటికీ గట్టు మీద బోర్లించి ఉంది, పాత మచ్చకి కొంచెం పక్కగా. ఎత్తి చూశాను. కింద సన్నటి కొత్త గీత. తుడవడానికి బట్ట తీసుకుని మళ్ళీ పెట్టేశాను.

"ఏమ్మోయ్" అంది అత్తయ్య గదిలోంచి. "రేపు కొంచెం గట్టిగా అను. గోడవైపు తిరిగి పడుకుంటే నాకు ఈ చెవి సరిగ్గా వినపడదు."

"సరే అత్తయ్యా."

"సరే అంటే గొడవ ఏముంటుంది?"

గిన్నె కడుగుతూ ఆలోచించాను. ఈ రోజంటే ఇన్నాళ్ళ గొడవ పోగై ఉంది. రేపు దేని మీద గొడవ పడాలో నాకు తోచలేదు. ఆయనకి రోజూ ఏం దొరికేదో. గిన్నె బోర్లించి, లైటర్ దాని మేకుకి తగిలించి, పొద్దున ఆమె కుర్చీ మీంచి నెట్టేసిన మడతబట్టల సంగతి ఎత్తితే సరిపోతుందా, చాలదా అని నిద్రపట్టేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.